రాష్ట్రం మారితే కారు ఇన్సూరెన్స్: యాప్‌లో అడ్రసు మారిస్తే ఎందుకు చాలదు

అమెరికాలో ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి ఇల్లు మార్చేవాళ్లు అపార్ట్‌మెంట్ లీజు, పిల్లల స్కూలు, సామాను లారీ అన్నీ జాగ్రత్తగా చూసుకుంటారు. కారు ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం యాప్ తెరిచి అడ్రసు మార్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకు, డాలస్ నుంచి బే ఏరియాకు, షార్లెట్ నుంచి నోవైకి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన పరిస్థితే. నిజానికి అక్కడ జరిగేది అడ్రసు మార్పు కాదు. ఒక ఒప్పందం ముగిసి ఇంకో ఒప్పందం మొదలవుతుంది. పాతదాంట్లో ఉన్న రక్షణ కొత్తదాంట్లో ఉండకపోవచ్చు. లేదన్న సంగతి యాక్సిడెంట్ అయ్యాకే తెలుస్తుంది.

దీనికి మూలం చట్టంలోనే ఉంది. 1945లో అమెరికా కాంగ్రెస్ చేసిన మెకారన్-ఫెర్గూసన్ చట్టం బీమా వ్యాపారం మీద అజమాయిషీని రాష్ట్రాలకే వదిలేసింది. కారు బీమాకు కేంద్ర స్థాయిలో ఒక నియమం గానీ, ఒక నియంత్రణ సంస్థ గానీ లేదు. ప్రతి రాష్ట్రానికీ సొంత ఇన్సూరెన్స్ శాఖ ఉంది. పాలసీలో ఏం రాయాలి, ధర ఎలా కట్టాలి అన్నది కంపెనీలు ఆ శాఖ ముందు దాఖలు చేసుకోవాలి. అందుకే న్యూజెర్సీ పాలసీని టెక్సాస్‌కు మోసుకుపోవడం కుదరదు. కంపెనీ పేరు అదే అయినా, టెక్సాస్ పాలసీ ఇచ్చేది చాలాసార్లు అదే గ్రూపులోని వేరే కంపెనీ. ఎన్‌జేఎం లాంటి కంపెనీలు కొన్ని రాష్ట్రాల్లో తప్ప అసలు వ్యాపారమే చేయవు. అక్కడ కొత్త కంపెనీని వెతుక్కోవాల్సిందే.

చుట్టపుచూపుగా వెళ్లడం వేరు, కాపురం పెట్టడం వేరు

"నా పాలసీ అమెరికా అంతా చెల్లుతుంది కదా" అన్న మాట సగమే నిజం. దాదాపు ప్రతి కారు పాలసీలో వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు వర్తించే క్లాజు ఒకటి ఉంటుంది. మీరు వెళ్లిన రాష్ట్రంలో కనీస లయబిలిటీ (మీ తప్పు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే కవరేజీ) మీ పాలసీ కంటే ఎక్కువైతే, అక్కడ జరిగిన ప్రమాదానికి మీ పాలసీ ఆ రాష్ట్రపు కనీస స్థాయికి పెరిగినట్టే లెక్క. టెక్సాస్ కనీస పాలసీతో అలాస్కా చూడటానికి వెళ్లినా ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇదే. కానీ ఇది అక్కడికి వెళ్లి వచ్చేవాళ్ల కోసం రాసిన క్లాజు, అక్కడ స్థిరపడేవాళ్ల కోసం కాదు.

కంపెనీ ధర కట్టేది కారు రాత్రిపూట ఎక్కడ ఆగుతుందన్న లెక్క మీద. మీ ఉత్తరాలు ఎక్కడికి వస్తాయన్నది దానికి ముఖ్యం కాదు. ప్రాజెక్టు కోసం వేరే రాష్ట్రంలో ఎనిమిది, పది నెలలు ఉంటూ, పాత ఊళ్లో స్నేహితుడి అడ్రసు మీదే పాలసీ నడిపే కన్సల్టెంట్లు ఇక్కడే దెబ్బతింటారు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ టోల్ ట్యాగు రికార్డులు, లీజు కాగితం, పే స్టబ్‌లో ఉన్న రాష్ట్రం, పోలీసు రిపోర్టులో మీరు చెప్పిన అడ్రసు అడగగలదు. అవి పాలసీ అడ్రసుతో పొసగకపోతే తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో మీ కారు రిపేరు ఖర్చు ఆపేయవచ్చు, పాలసీ రద్దు చేయవచ్చు. ప్రీమియం తగ్గించుకోవడానికి కావాలని చేస్తే అది మోసం కిందికి వస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు అంత దూరం తెచ్చుకోకపోవడమే మంచిది. ఆరు వారాల పనికి వెళ్తే పాలసీ మార్చక్కర్లేదు గానీ, కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, ఆ సంభాషణను చాట్ రూపంలోనో ఈమెయిల్ రూపంలోనో దాచుకోవాలి. లీజు మీద సంతకం పెట్టారంటే ఇక మీరు నివాసి కిందే లెక్క.

రాష్ట్రాలు ఇచ్చే గడువుల విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పడ్డాక లైసెన్సుకు 10 రోజులు, కారు రిజిస్ట్రేషన్‌కు 20 రోజులు. ఫ్లోరిడాలో ఉద్యోగంలో చేరిన లేదా పిల్లల్ని స్కూల్లో వేసిన తర్వాత రిజిస్ట్రేషన్‌కు 10 రోజులే. పెన్సిల్వేనియాలో 20, టెక్సాస్, న్యూయార్క్, జార్జియా, వాషింగ్టన్, వర్జీనియాల్లో 30, న్యూజెర్సీలో 60 రోజులు. ఇవన్నీ లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే రాష్ట్ర శాఖ డీఎంవీకి వెళ్లడానికి ఇచ్చిన గడువులు. ఇన్ని రోజులు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోయినా ఫర్వాలేదని వీటి అర్థం కాదు. న్యూజెర్సీకి వచ్చి 60 రోజులుంది కదా అని పాత టెక్సాస్ పాలసీతో 55 రోజులు తిరిగితే డీఎంవీ దగ్గర మీరు తప్పు చేయనట్టే. కంపెనీ దగ్గర మాత్రం జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

ఆసుపత్రి బిల్లు ముందు ఎవరు కడతారు?

రాష్ట్రాల మధ్య తేడాలని వెతికితే అందరూ కనీస లయబిలిటీ అంకెల పట్టికే చూపిస్తారు. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ప్రమాదంలో మీకు దెబ్బ తగిలితే మొదటి డాలరు ఎవరి పాలసీ నుంచి వస్తుంది? రాష్ట్రం దాటినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా మారేది ఇదే.

ఎక్కువ రాష్ట్రాల్లో తప్పు చేసిన డ్రైవరు ఇన్సూరెన్సే కట్టాలి. తప్పెవరిదో తేలేదాకా మీ బిల్లులు మీ హెల్త్ ఇన్సూరెన్స్ మీదే పడతాయి. ఓ పన్నెండు రాష్ట్రాల్లో మాత్రం తప్పెవరిదైనా మీ ఒంటి దెబ్బలకు ముందు మీ సొంత కారు పాలసీయే కడుతుంది. దీన్ని నో-ఫాల్ట్ అంటారు. పాలసీలో ఆ భాగం పేరు పీఐపీ. ఫ్లోరిడా, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, మసాచుసెట్స్, మిన్నెసోటా ఈ జాబితాలోవే. అయితే పేరు ఒకటే, లోపలి సరుకు మాత్రం ఎక్కడికక్కడ వేరు. న్యూయార్క్‌లో ఒక్కొక్కరికి 50 వేల డాలర్లు తప్పనిసరి. ఫ్లోరిడాలో 10 వేలే. అందులోనూ వైద్య ఖర్చులో 80 శాతం, పోయిన జీతంలో 60 శాతం మాత్రమే ఇస్తారు. ప్రమాదం జరిగిన 14 రోజుల్లోపు వైద్యుడికి చూపించుకోకపోతే ఆ వైద్య ఖర్చు కూడా రాదు. మెడ నొప్పి దానంతటదే తగ్గుతుందని మూడు వారాలు ఓపిక పట్టే అలవాటు అక్కడ ఖరీదవుతుంది. న్యూయార్క్‌లోనైతే 30 రోజుల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. మసాచుసెట్స్‌లో పీఐపీ 8 వేల డాలర్లు.

న్యూజెర్సీలో 15 వేల నుంచి 2.5 లక్షల డాలర్ల దాకా పీఐపీ ఎంచుకోవచ్చు. అక్కడ ప్రీమియం తగ్గడానికి చాలామంది, కారు ప్రమాదపు గాయాలకు కూడా హెల్త్ ఇన్సూరెన్సే ముందు కట్టేటట్టు ఎంచుకుంటారు. ఉద్యోగం మారిన రోజునే ఆ హెల్త్ ప్లాను కూడా మారుతుందని మరిచిపోతారు. కొత్త కంపెనీ హెల్త్ ప్లాను కారు ప్రమాదాల ఖర్చును ముందుగా కట్టనంటే ఆ ఎంపిక చెల్లదు. రాష్ట్రం మారినా మారకపోయినా ఉద్యోగం మారితే దీన్ని తిరిగి చూసుకోవాలి.

ఇప్పుడు న్యూయార్క్ నుంచో న్యూజెర్సీ నుంచో డాలస్ వెళ్లే కుటుంబాన్ని తీసుకుందాం. టెక్సాస్‌లో పీఐపీ తప్పనిసరి కాదు. కంపెనీ మీకు దాన్ని ఇవ్వజూపాలి, వద్దంటే మీరు సంతకంతో తిరస్కరించాలి. బీమా లేని డ్రైవరు మిమ్మల్ని గుద్దితే కాపాడే యూఎం కవరేజీకీ ఇదే నియమం. చట్టం వినియోగదారుడి కోసమే అలా రాసింది. కానీ ఆన్‌లైన్‌లో పాలసీ కొంటుంటే అన్నిటికంటే తక్కువ ధర చూపించే కోట్‌లో ఈ రెండూ ముందే తీసేసి ఉండొచ్చు. చివర్లో ఈ-సంతకం కోసం వచ్చే కాగితాల కట్టలో ఆ తిరస్కరణ పత్రాలు కూడా కలిసి ఉంటాయి. చదవకుండా సంతకం చేస్తే, నిన్నటిదాకా 50 వేల డాలర్ల పీఐపీ ఉన్న కుటుంబానికి ఇవాళ సున్నా. టెక్సాస్‌లో పీఐపీ 2,500 డాలర్ల నుంచి దొరుకుతుంది. హెల్త్ ప్లాను డిడక్టబుల్ (బీమా కట్టడం మొదలయ్యే ముందు మీరు కట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువగా ఉన్నవాళ్లు కనీసం ఆ డిడక్టబుల్‌కు సరిపడా పీఐపీ పెట్టుకోవాలన్నది మా సలహా. పీఐపీ దొరకని చోట వైద్య ఖర్చుకు మెడ్‌పే అని చిన్న కవరేజీ ఉంటుంది, దాన్నే అడగండి.

మిషిగన్ దారి పూర్తిగా వేరు. 2020 జులై 2 దాకా అక్కడ పీఐపీకి పరిమితే లేదు, అందరికీ జీవితాంతం వైద్య ఖర్చు వచ్చేది. ఆ తర్వాత అపరిమితం, 5 లక్షలు, 2.5 లక్షలు లాంటి స్థాయులు ఎంచుకునే వీలు వచ్చింది. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు కొత్తగా వెళ్లేవాళ్లు తడబడేది మాత్రం ఇక్కడ కాదు, కారు రిపేరు దగ్గర. మిషిగన్‌లో ఎదుటివాడు మీ కారును గుద్దినా వాడి ఇన్సూరెన్స్ మీ కారు రిపేరుకు కట్టదు. తప్పు వాడిదని తేలితే వాడి నుంచి వసూలు చేసుకోగలిగేది గరిష్ఠంగా 3 వేల డాలర్లు. మిగతాదంతా మీ సొంత కొలిజన్ కవరేజీ (ప్రమాదంలో మీ కారు రిపేరుకు కట్టేది) నుంచే రావాలి. పాత కారే కదా అని ఒహాయోలోనో టెక్సాస్‌లోనో కొలిజన్ తీసేసి నిశ్చింతగా ఉన్నవాళ్లు అదే పాలసీని మిషిగన్‌లో తిరిగి రాయించుకుంటే, తమ తప్పేమీ లేకుండానే కారు పోగొట్టుకుంటారు. అక్కడ బ్రాడ్ కొలిజన్ అని ఒక రకం ఉంది. తప్పులో మీ వాటా సగం దాటకపోతే డిడక్టబుల్ కూడా కట్టక్కర్లేదు. మిషిగన్ వెళ్తే పేరు పెట్టి దాన్నే అడగాలి. పద్ధతిగా పార్క్ చేసిన కారును ఎవరైనా గుద్దితే మాత్రం గుద్దినవాళ్ల పాలసీయే కడుతుంది.

తప్పులో వాటా, దావా వేసే హక్కు

వర్జీనియా, నార్త్ కరోలైనా, మేరీలాండ్, అలబామా, వాషింగ్టన్ డీసీల్లో పాత కఠిన నియమం ఇంకా నడుస్తోంది. ప్రమాదంలో మీ తప్పు కొంచెం ఉందని తేలినా ఎదుటివారి నుంచి రూపాయి రాకపోవచ్చు. కాలిఫోర్నియాలో మీ తప్పు 70 శాతం అయినా మిగిలిన 30 శాతం అడగొచ్చు. టెక్సాస్, న్యూజెర్సీల్లో మీ తప్పు సగం దాటితే ఏమీ రాదు. 2023 నుంచి ఫ్లోరిడా కూడా ఈ దారికే వచ్చింది. అందువల్ల వర్జీనియాలోని యాష్‌బర్న్‌కో నార్త్ కరోలైనాలోని షార్లెట్‌కో వెళ్లేవాళ్లు ఎదుటివారి పాలసీ మీద ఆశ పెట్టుకోకుండా సొంత కొలిజన్, సొంత మెడ్‌పే ఉంచుకోవాలి. ప్రమాద స్థలంలో మర్యాద కోసం "సారీ, నాదీ కొంచెం తప్పే" అనే అలవాటు ఈ రాష్ట్రాల్లో అసలే వద్దు.

న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలోనూ పాలసీ తీసుకునేటప్పుడే దావా హక్కు గురించి అడుగుతారు. ప్రీమియం తగ్గించుకోవడానికి, తీవ్ర గాయమైతే తప్ప నొప్పికీ బాధకూ పరిహారం అడగనని ఒప్పుకోవచ్చు. మీరేమీ చెప్పకపోతే న్యూజెర్సీలో హక్కు పరిమితమైనట్టు, పెన్సిల్వేనియాలో పూర్తిగా ఉన్నట్టు భావిస్తారు. ఫిలడెల్ఫియా శివార్లకూ న్యూజెర్సీకీ మధ్య ఇల్లు మార్చేవాళ్లు ఈ ఒక్క గడిని కళ్లతో చూసి నిర్ణయించుకోవాలి. ఆ ఎంపిక ఇంట్లో కలిసి ఉండే బంధువులకూ వర్తిస్తుంది కాబట్టి ఇది ఒక్కరి విషయం కాదు.

కనీస అంకెలు

లయబిలిటీని మూడు అంకెల్లో చెబుతారు. 30/60/25 అంటే మీ తప్పు వల్ల ఒక మనిషికి గాయమైతే 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి అందరి గాయాలకూ కలిపి 60 వేలు, ఎదుటి కారుకూ ఆస్తికీ 25 వేల దాకా మీ కంపెనీ కడుతుంది. పైన పడేది మీరు కట్టుకోవాలి.

ఈ అంకెలు ఇటీవల చాలా చోట్ల మారాయి కాబట్టి పాత పట్టికల్ని నమ్మొద్దు. 15/30/5 దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేసింది. అదే రోజు నుంచి వర్జీనియాలో 50/100/25. అంతకుముందు వర్జీనియాలో 500 డాలర్ల రుసుము కట్టి ఇన్సూరెన్స్ లేకుండానే బండి నడిపే వీలుండేది. 2024 జులై 1తో అది పోయింది. 2025 జులై 1 నుంచి నార్త్ కరోలైనాలో 50/100/50, మసాచుసెట్స్‌లో 25/50/30. న్యూజెర్సీలో 2026 జనవరి 1 నుంచి 35/70/25. టెక్సాస్ 30/60/25, జార్జియా 25/50/25, న్యూయార్క్ 25/50/10. పెన్సిల్వేనియా ఇంకా 15/30/5 దగ్గరే ఉంది. ఫ్లోరిడాలో చాలామంది డ్రైవర్లకు ఎదుటివారి గాయాలకు లయబిలిటీ తప్పనిసరే కాదు, 10 వేల డాలర్ల ఆస్తి నష్టం, 10 వేల పీఐపీ ఉంటే చాలు. ఫ్లోరిడా వెళ్లేవాళ్లకు యూఎం కవరేజీ విలాసం కాదని ఇందుకే చెబుతున్నాం. మిమ్మల్ని గుద్దినవాడు చట్టప్రకారం అన్నీ సక్రమంగా కట్టినవాడే అయినా, మీ గాయాలకు వాడి దగ్గర పైసా కవరేజీ లేకపోవచ్చు. న్యూహాంప్‌షైర్‌లో చాలామందికి ఇన్సూరెన్సే తప్పనిసరి కాదు.

కనీస పాలసీతో సరిపెట్టుకోవడం ఎక్కడా మంచిది కాదు. ఎదుటి కారుకు కాలిఫోర్నియా పెట్టిన కొత్త 15 వేలు రోడ్డు మీద కనిపించే సగటు టెస్లాకు ఏ మూలకూ చాలవు. ఇల్లు, పొదుపు ఉన్న కుటుంబం 100/300/100 కంటే కిందికి దిగకూడదు. అంబ్రెల్లా పాలసీ (కారు పాలసీ పరిమితి దాటాక పైన పడేదానికి కట్టేది) ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అది పనిచేయాలంటే కింద ఉన్న కారు పాలసీ మామూలుగా 250/500/100 ఉండాలని షరతు పెడతారు. రాష్ట్రం మారినప్పుడు కొత్త కారు పాలసీని 100/300కి తగ్గించి రాయించుకుంటే, ప్రమాదం మొత్తానికి 3 లక్షల దాకా కారు పాలసీ కడుతుంది, 5 లక్షల పైన అంబ్రెల్లా కడుతుంది, మధ్యలో ఉన్న 2 లక్షల డాలర్లు మీ జేబులోంచి పోతాయి.

ముందేది, వెనకేది

గొడవలు ఎక్కువగా వచ్చేది వరుస తప్పడం వల్లే. ఇల్లు మార్చడానికి రెండు మూడు వారాల ముందే పాత కంపెనీకి ఫోన్ చేసి, కొత్త రాష్ట్రంలో వాళ్లు పాలసీ ఇస్తారా, మధ్యలో రద్దు చేస్తే డబ్బు రోజుల లెక్కన తిరిగి ఇస్తారా, కోత ఉందా అని అడగాలి. కోట్లు తీసుకునేటప్పుడు పాత పాలసీ డిక్లరేషన్ పేజీని (ఏ కవరేజీ ఎంత ఉందో చూపించే పేజీ) పక్కన పెట్టుకుని, ప్రతి వరుసా కొత్తదాంట్లో ఉందో లేదో పోల్చాలి. ధర ఒక్కటే పోలిస్తే లాభం లేదు.

కొత్త పాలసీ మొదలయ్యే తేదీ, కారు కొత్త ఇంట్లో మొదటి రాత్రి గడిపే తేదీ కావాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక తీసుకుందామనుకుంటే కుదరదు. ఇన్సూరెన్స్ రుజువు లేనిదే చాలా చోట్ల రిజిస్ట్రేషన్ అవ్వదు. అది కూడా ఆ రాష్ట్రపు పాలసీయే అయి ఉండాలి. మసాచుసెట్స్‌లో రిజిస్ట్రేషన్ దరఖాస్తు మీద ఇన్సూరెన్స్ ఏజెంటు ముద్ర పడాలి. జార్జియాలో కార్డు చూపిస్తే చాలదు, కంపెనీ నేరుగా రాష్ట్ర డేటాబేస్‌కు వివరాలు పంపాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కారు గుర్తింపు సంఖ్య వీఐఎన్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే, డేటాబేస్ దృష్టిలో మీ కారుకు ఇన్సూరెన్స్ లేదు. న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ కార్డు మీది పేరూ రిజిస్ట్రేషన్ మీది పేరూ ఒకటే కావాలి. ఇంటిపేరు ముందో వెనకో, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి లైసెన్సు మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడిందో, మన వాళ్ల పేర్లతో ఇక్కడే చిక్కు వస్తుంది. పాలసీ కొనేటప్పుడే లైసెన్సు మీద ఉన్నది ఉన్నట్టు పేరు రాయించండి. భార్యాభర్తల్లో కారు ఎవరి పేరున ఉందో వాళ్లే పాలసీలో మొదటి పేరుగా ఉంటే ఇంకా మంచిది.

కారు లోను మీదో లీజు మీదో ఉంటే బ్యాంకుకు రెండు విషయాలు తెలియాలి. ఒకటి, కొత్త పాలసీలో వాళ్ల పేరు లాస్ పేయీగా (కారు నష్టపరిహారం అందుకునేవాళ్లుగా) ఉందని. రెండు, డిడక్టబుల్ వాళ్ల పరిమితి దాటలేదని. అది సాధారణంగా 1,000 డాలర్లు ఉంటుంది. ఇవి అందకపోతే బ్యాంకే తన తరఫున పాలసీ కొని ఖర్చు మీ ఖాతాలో వేస్తుంది. అది ఖరీదైనదే కాక, కాపాడేది బ్యాంకు డబ్బునే, మిమ్మల్ని కాదు. టైటిల్ బ్యాంకు దగ్గర ఉంటుంది కాబట్టి కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆలస్యమవుతుంది. ఇల్లు మారే ముందే బ్యాంకుకు చెప్పి ఆ పని మొదలుపెట్టించాలి.

కారును ట్రక్కు మీద పంపిస్తే, అది చేరేదాకా పాత పాలసీని రద్దు చేయకండి. రవాణా కంపెనీకి సొంత బీమా ఉంటుంది గానీ, ఎక్కించేముందు తీసిన ఫొటోలు, సంతకం చేసిన బిల్ ఆఫ్ లేడింగ్ (రవాణా రసీదు) లేకుండా గీతలు ఎక్కడ పడ్డాయో నిరూపించలేరు. కారులో సర్దిన సామానుకు ఆ బీమా మామూలుగా వర్తించదు.

పాత పాలసీ రద్దు చేసుకోవడం అన్నిటికంటే చివరి పని. దానికంటే ముందు పాత నంబర్ ప్లేట్ల సంగతి చూడాలి. న్యూయార్క్, న్యూజెర్సీ, ఫ్లోరిడా, నార్త్ కరోలైనాల్లో ప్లేట్లు తిరిగి ఇచ్చాకే ఇన్సూరెన్స్ రద్దు చేయాలి. పాలసీ రద్దవగానే కంపెనీ కంప్యూటరు రాష్ట్రానికి కబురు పంపుతుంది. మీరు డాలస్‌లో కొత్త ఇన్సూరెన్స్ తీసుకున్న సంగతి న్యూయార్క్ కంప్యూటరుకు తెలియదు. దాని లెక్కలో న్యూయార్క్ ప్లేటు ఉన్న కారుకు ఇన్సూరెన్స్ లేదు, అంతే. న్యూయార్క్ మొదటి 30 రోజులకు రోజుకు 8 డాలర్లు, తర్వాతి 30 రోజులకు 10, ఆ తర్వాత 90వ రోజు దాకా 12 చొప్పున జరిమానా వేస్తుంది, మొత్తం 900 దాకా. 90 రోజులు దాటితే లైసెన్సే సస్పెండ్ చేస్తుంది. ఫ్లోరిడాలోనూ లైసెన్సు సస్పెన్షన్ ఉంది, తిరిగి తెచ్చుకోవడానికి 500 డాలర్ల దాకా కట్టాలి. ఒక రాష్ట్రంలో సస్పెన్షన్ ఉంటే ఇంకో రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు. ఇంతకీ ఆ నోటీసులు వెళ్లేది మీరు ఖాళీ చేసిన పాత ఇంటికి. ప్లేట్లు పోస్టులో పంపినా ట్రాకింగ్‌తో పంపి, డీఎంవీ ఇచ్చే రసీదు దాచుకోండి. న్యూయార్క్ రసీదు పేరు ఎఫ్ఎస్-6టీ. కాలిఫోర్నియా, టెక్సాస్ ప్లేట్లు తిరిగి అడగవు.

పాత, కొత్త పాలసీలు కొన్ని రోజులు రెండూ నడిస్తే పోయేది కొద్ది డాలర్లు. మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా తర్వాతి కంపెనీ దాన్ని చూసి ధర పెంచవచ్చు.

ప్రీమియం ఎందుకు అంతగా మారుతుంది?

మనిషి అదే, కారు అదే, రికార్డు అదే, అయినా ధర మారుతుంది. రోడ్ల మీద ప్రమాదాలు, వడగళ్ల వానలు, దొంగతనాలు ఎటూ కారణాలే. క్రెడిట్ స్కోరు ఇంకో పెద్ద కారణం. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయిల్లో కారు బీమా ధరకు దాన్ని వాడకూడదు. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 ప్రకారం డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి నడిపే మైళ్లు, డ్రైవింగ్ అనుభవం ఈ మూడింటికే పెద్దపీట. టెక్సాస్‌లో క్రెడిట్ లెక్కలోకి వస్తుంది. అమెరికాకు వచ్చి రెండేళ్లే అయి క్రెడిట్ చరిత్ర పలచగా ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ వెళ్లాక ధర పెరిగితే, అందులో దీని వాటా ఉండొచ్చు. పాత కంపెనీలో సంపాదించుకున్న యాక్సిడెంట్ ఫర్‌గివ్‌నెస్ (ప్రమాదం జరిగినా ధర పెంచకపోవడం), డ్రైవింగ్ యాప్ డిస్కౌంటు కొత్త రాష్ట్రానికి వస్తాయని లెక్క వేసుకోకండి.

మిగతా బీమాలు

హెల్త్ ఇన్సూరెన్స్ మీరు పనిచేసే కంపెనీ ద్వారా ఉంటే పెద్ద చిక్కు లేదు, ప్లాను నెట్‌వర్కు కొత్త ఊళ్లో ఉందో లేదో చూసుకోవాలి. సొంతంగా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొన్నవాళ్లకు ఇల్లు మారాక కొత్త ప్లాను తీసుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. అంతకుముందు 60 రోజుల్లో కనీసం ఒక రోజైనా కవరేజీ ఉండాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే మెడికెయిడ్ రాష్ట్రం దాటి రాదు, కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీకి కోబ్రా ఉంది, అంటే పాత ఉద్యోగపు హెల్త్ ప్లానునే సొంత డబ్బుతో కొనసాగించడం. ఎంచుకోవడానికి 60 రోజులిస్తారు, ఎంచుకుంటే వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది. ఆ వెనకటి నెలల ప్రీమియం మాత్రం మొత్తం కట్టాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, డీసీల్లో హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే రాష్ట్ర పన్నులో జరిమానా పడుతుంది.

రెంటర్స్ లేదా ఇంటి పాలసీలో ప్రామాణిక పాఠం ప్రకారం, సామాను తరలించడం మొదలైన రోజు నుంచి 30 రోజులు కొత్త ఇంట్లోనూ సామానుకు పూర్తి రక్షణ ఉంటుంది. ఆలోపు కొత్తది తీసుకోవాలి. దొంగతనంలో పోయిన నగలకు మాత్రం ఈ పాలసీలు మామూలుగా 1,500 డాలర్లే ఇస్తాయి. బంగారం విషయంలో ఇది మన ఇళ్లకు బొత్తిగా చాలదు. బిల్లులు, అప్రైజల్ పెట్టి నగలను విడిగా షెడ్యూల్ చేయించాలి, అంటే ఒక్కో నగనూ విలువతో పాలసీలో రాయించాలి. ఇల్లు మారేటప్పుడు వాటిని లారీ ఎక్కించకూడదు. మూవర్స్ ఉచితంగా ఇచ్చే కనీస బాధ్యత పౌండు బరువుకు 60 సెంట్లే.

హ్యూస్టన్, టాంపా లాంటి చోట ఇల్లు కొంటే మామూలు పాలసీలో వరద నష్టం ఉండదని గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ వరద బీమా మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. లోనుతో ఇల్లు కొంటూ క్లోజింగ్ నాటికే తీసుకుంటే మాత్రం ఆ నిరీక్షణ ఉండదు. కాలిఫోర్నియాలో భూకంపానికి కూడా విడిగానే కొనాలి. టర్మ్ లైఫ్ పాలసీకి మాత్రం ఇవేవీ లేవు. అది ఏ రాష్ట్రంలో తీసుకున్నా మీతోనే వస్తుంది, దానికి నిజంగానే అడ్రసు మారిస్తే చాలు.